రెండో నలుపు

గర్... గర్... టక్.

చీకటి గదిలో ముందు వినిపించింది ఆ చప్పుడే. పాత ఫ్లాపీ డ్రైవ్ తిరుగుతోంది. ఆ తరువాతే మానిటర్ వెలిగింది. దాని ఎదుట, ఏసీ మెకానిక్ వేషంలో, ఏజెంట్.

స్క్రీన్ మీద పీసీఎక్స్ అనే పాత ఫార్మాట్‌లో ఒక బొమ్మ: నల్లని ఆకాశం, కింద దీపస్తంభం. అన్న హత్యకు గురయ్యే ముందు ఇంటికి పంపిన ఆఖరి ఫైలు. అన్న కూడా తమ గూఢచారి డిపార్ట్‌మెంట్‌లోనే గ్రాఫిక్స్ నిపుణుడు. చిన్ననాట తాను అన్నకు పెట్టిన ముద్దుపేరును ఈ తమ్ముడు హత్య జరిగిన నాటి నుంచి పెదవి దాటనివ్వలేదు. పగ తీరాకే పలకాలని పంతం.

పొద్దున బ్రీఫింగ్‌లో చీఫ్ సూటిగా చెప్పాడు.

"రాడార్ మ్యాపులు ఇవాళే దేశం దాటుతాయి. మోసుకెళ్లేది మనలో ఉన్న శత్రు ఏజెంటే. అదెవరో మీ అన్నకి తెలుసు."

"ఆ బొమ్మలో చెప్పే ఉంటాడు సార్."

"ఏమీ లేదయ్యా! నీకు కాబోయిన వదిన దాన్ని కొత్త ఫార్మాట్‌లోకి మార్చి మరీ చూపించింది. అంతా నలుపే."

"మార్చి చూపించిందా?"

అనుమానం అక్కడే మొలిచింది. ఆ పాత ఫార్మాట్‌లో ప్రతి చుక్కకూ ఉండేది రంగు కాదు, రంగు నంబరు. రెండు నంబర్లకూ ఒకే నలుపు ఇచ్చి, ఒక నలుపు మీద రెండో నలుపుతో ఏం గీసినా కంటికి ఆనదు. కొత్త ఫార్మాట్‌లోకి మారిస్తే నంబర్లు చెరిగిపోతాయి, రహస్యమూ చెరిగిపోతుంది. ఆ కిటుకు అన్నకు తెలుసు. అన్న దగ్గర పని నేర్చుకున్న వదినకూ తెలుసు.

ఏజెంట్ రెండో నలుపు నంబరుకు ఎర్రరంగు ఇచ్చాడు. చూశాడు. పళ్లు బిగించాడు. సేవ్ చేసి, బొమ్మను మూసేశాడు. మానిటర్ నుంచి మరో కేబుల్ చీఫ్ గదికి వెళ్లింది; ఇక్కడ కనిపించేది అక్కడా కనిపిస్తుంది.

తలుపు తెరుచుకుంది. ముందు సెంటు వాసన, వెనుక సైలెన్సర్ పిస్టల్, ఆ వెనుక పట్టు స్కార్ఫ్. అన్నను పెళ్లాడవలసిన మనిషి. అన్న పోయిన రోజున అందరికన్నా ఎక్కువ ఏడ్చిన మనిషి.

"ఏసీ బాగుచేస్తున్నావా మరిదీ?"

"ఉక్కగా ఉంది వదినా."

"ఒరిజినల్ నీ దగ్గరే ఉంటుందనుకున్నా. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే మొండితనం. లే, పక్కకి జరుగు."

"పెళ్లికి ముందే అన్నని మింగేశారు. ఆకలి తీరలేదా?"

"ఈ ఒక్క ఫైలుతో తీరిపోతుందిలే."

ఒంటిచేత్తో, బొమ్మను కొత్త ఫార్మాట్‌లోకి మార్చే కమాండ్ కొట్టింది. పాత ఫైలు చెరిగి, కొత్తది దాని చోట కూర్చోవాలి.

"నన్ను నొక్కమంటారా?"

"వద్దు. ఇలాంటివి నా చేత్తో నేనే చేసుకుంటా."

"నాకు కావలసిందీ అదే."

ఎంటర్. గర్... గర్... టక్.

నల్లని ఆకాశం నిండా ఎర్రగా ఆమె ముఖమే విచ్చుకుంది! పక్కన విదేశీ కల్నల్. వారి చేతుల మధ్య మ్యాపుల చుట్ట.

ఆమె వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. అదే క్షణంలో ఏజెంట్ పక్కనే ఉన్న ఏసీ గ్యాస్ సిలిండర్ మూత తిప్పాడు. తెల్లని పొగ ముఖాన కొట్టింది. గుండు సీలింగ్‌లో దిగింది. పిస్టల్ నేలన పడింది. గార్డులు లోపలికి దూకారు. మ్యాపులు స్కార్ఫ్ మడతల్లో దొరికాయి.

"ముందే... రంగు మార్చేశావా?"

"ఒక్క నంబరే వదినా. రంగు వేసింది నేను, చెరగకుండా అచ్చు వేసింది మీరు."

స్పీకర్‌లో చీఫ్ గొంతు: "శభాష్! రిపోర్టులో ఈ ఘనత నీ పేరు మీదే రాస్తున్నా."

"నా పని ఏసీ వరకే సార్. అదీ బాగవలేదు."

"మరి ఆమెని పట్టించిందెవరయ్యా?"

పగ తీరింది. మెల్లగా పెదవి విప్పాడు.

"బొమ్మలన్న."