ఒకే పేరున్న జాబ్‌కార్డు

గుణదలలో ఆ ఉదయం భానుశ్రీ కుక్కర్ వేసిన కూత కొండమీది సిలువ దాకా వినబడిందంటే మీరు నమ్మాలి. ఆమె గిన్నెలు పడేస్తున్న చప్పుడు ఇంకా పైకి పోయింది.

మంగళగిరి చీరల షాపులో ఆమెది ఒంటిపూట ఉద్యోగం. పూర్తి రోజు రమ్మని ఓనరు ఛాయాదేవి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ కాదనాల్సి వచ్చింది. ఈసారి తొమ్మిదింటికల్లా జవాబు చెప్పకపోతే వేరే మనిషిని పెట్టుకుంటారు.

"వెళ్లమనే అంటున్నాగా," అన్నాడు భర్త హేమసుందర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆటోనగర్ లారీ షెడ్డులో హెడ్ మెకానిక్ అతను. "ఇంటి పనంటే మాత్రం నాకు కుదరదు. ఓవర్‌టైముతో కలిపి పన్నెండు గంటలు చేస్తున్నా."

"నేను నాలుగు గంటలతో ఆగిపోయాను కాబట్టే మీకు పన్నెండు కుదురుతున్నాయండీ!"

మామగారు రత్తయ్య కుర్చీలోంచి ఖాళీ గ్లాసు చాపాడు. "మా అమ్మ ముప్ఫై మందికి వండి, ఆరెకరాలు నాటేసి, కృష్ణ ఈదొచ్చేదమ్మా. కాస్త టీ."

"మరి మీ నాన్నగారేం చేసేవారు మావయ్యా?"

రత్తయ్య కథ ఆపి గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. ఆ ఇంట్లో అలాంటి వింత అదే మొదలు.

"అసలు ఇంట్లో అంత పనేముంది?" విసుక్కున్నాడు హేమసుందర్.

భానుశ్రీ అతని సంచిలోంచి ఖాళీ జాబ్‌కార్డు లాగింది. ఏ బండికి ఏ పని, ఎవరు చెయ్యాలో షెడ్డులో రాసుకునే కార్డు. నిలబడే నింపింది. చోటు చాలక వెనక్కి తిప్పింది. పిండి రుబ్బడం, మావయ్య బీపీ మాత్ర, పాప స్కూలు ఆటో, గ్యాస్ బుకింగ్... అన్నిటి ఎదురుగా మెకానిక్ పేరు ఒక్కటే, భానుశ్రీ.

హేమసుందర్ పైనుంచి కిందికి చూశాడు. షెడ్డులో ఒకరి మీద నాలుగు పనులు పడితే ఓనరుతో గొడవపడేది తనే.

"ఇన్ని ఒక్కరికే రాస్తే మనిషి నిలబడతాడా?" అలవాటుగా అనేసి నాలిక్కరుచుకున్నాడు.

"ఎనిమిదేళ్లుగా నిలబడే ఉన్నానండీ." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అతను పెన్ను తీసుకుని సగం పేర్లు కొట్టేసి తన పేరు రాశాడు. షెడ్డుకి ఫోన్ చేశాడు. "రేపట్నుంచి ఓవర్‌టైము వేరేవాళ్లకిచ్చెయ్యండి. నేను ఆరింటికి ఇంటికెళ్లాలి."

"పాపని ఆటోలోంచి దించుకునేది నేనని రాయరా," గొణిగాడు రత్తయ్య. "టీ కూడా."

తొమ్మిదికి ఇంకా ఐదు నిమిషాలుంది. "వస్తానండీ ఛాయాదేవిగారూ," అంది భానుశ్రీ ఫోన్‌లో.

సాయంత్రానికి వీధంతా ఒకటే వార్త. రత్తయ్య తన చేత్తో టీ పెట్టాడట, వందమందికి!