పొయ్యి పక్కన బ్యాటరీ

2010 జనవరి. మంగోలియాలో గొర్రెలు నిలబడినవి నిలబడినట్టే బిగుసుకుపోయిన చలికాలం అది.

పొద్దు వాలుతుండగానే సెవెగ్మిద్ జీపు బ్యాటరీ ఊడదీసి, పసిబిడ్డలా కోటు కింద పొదువుకుని గుడారంలోకి తెచ్చాడు. చలికి బ్యాటరీ గడ్డకట్టకుండా అక్కడ అందరూ చేసే పనే. పిడకల పొయ్యి పక్కన ఉన్నిగుడ్డ మీద పెట్టి, రెండు తీగలతో చిన్న బల్బు తగిలించాడు. చక్కగా వెలిగింది.

"చూశావా? నిక్షేపంలా ఉంది," అన్నాడు భార్యతో.

దుల్మాకు మూడు రోజులుగా జ్వరం. ఊపిరి తీస్తే ఛాతీలో గరగర. తెల్లవారగానే ఆసుపత్రికి చేర్చాలి. అరవై కిలోమీటర్లు.

"యాదం మార్చమన్నాడు కదయ్యా."

మొన్ననే మెకానిక్ యాదం మీటరు పెట్టి మరీ చూపించాడు. లోడు పడగానే ముల్లు కిందికి జారిపోయింది. "బల్బుకి సరిపోతుందన్నా, ఇంజనుకి సరిపోదు. మీ తమ్ముడు బండి తీసుకెళ్లేముందు కూడా ఇదే చెప్పాను."

సెవెగ్మిద్ అతన్ని నోటికొచ్చినట్టు తిట్టి వచ్చేశాడు. కిందటేడు తమ్ముడు బల్జిర్ ఈ జీపులోనే, కనుమ దారిలో, గడ్డకట్టి చచ్చిపోయాడు. తాగి, లైట్లు ఆర్పకుండా పడుకుని బ్యాటరీ అయిపోగొట్టాడని ఊరంతా చెప్పుకొచ్చింది సెవెగ్మిదే. ఇప్పుడు బ్యాటరీ మారిస్తే అది అబద్ధమని తనే ఒప్పుకున్నట్టు.

చీకటి పడింది. గుడారంలో పిడకల పొగ, మరిగే పాల వాసన. గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది.

గుర్ర్... గుర్ర్... గుర్...

బయట. తిరగలేక తిరుగుతున్న ఇంజను.

"ఎవరో స్టార్ట్ చేస్తున్నారు," దుల్మా గొణిగింది.

"బ్యాటరీ ఇక్కడుంటే ఎవడు చేస్తాడే?"

తలుపు సందులోంచి పసుపు వెలుగు లోపలికి పాకింది. జీపు దీపాలు.

లాంతరు పట్టుకుని వెళ్లేసరికి ఆరిపోయాయి. మంచు మీద తన అడుగులే ఉన్నాయి. బానెట్ ఎత్తాడు. తీగలు ఖాళీగా వేలాడుతున్నాయి. డ్రైవరు పక్క అద్దం మాత్రం తెల్లబడి ఉంది... లోపలి నుంచి. ఎవరో ఊపిరి వదులుతున్నట్టు.

"అన్నా... ఇంకోసారి తిప్పనా?" అద్దం వెనక నుంచి బల్జిర్ గొంతు.

సెవెగ్మిద్ పళ్లు బిగించాడు. "నువ్వు తాగావు. తాగి పడుకున్నావు."

బానెట్ దబ్బున మూసి గుడారంలోకి వచ్చేశాడు.

తెల్లవారి చూస్తే, పొయ్యి పక్కనున్న బ్యాటరీ చెయ్యి అంటుకుపోయేంత చల్లగా ఉంది. బల్బు పెట్టాడు. వెలిగింది. చాల్లే అనుకున్నాడు. జీపుకి బిగించి తాళం తిప్పాడు.

టక్.

మళ్లీ. టక్.

దుల్మాను పొయ్యి దగ్గర దుప్పట్లలో చుట్టి, ట్రక్కున్న పొరుగువాళ్ల కోసం ఎనిమిది కిలోమీటర్లు నడిచాడు. మధ్యాహ్నానికి ట్రక్కుతో తిరిగొస్తే గుడారం ఖాళీ.

ఆమె జీపులో ఉంది. ఏనాడూ బండి నడపని మనిషి, స్టీరింగు ముందు, చెయ్యి తాళం మీద. అద్దం లోపల తెల్లగా మంచు.

తర్వాత యాదం బ్యాటరీ విప్పాడు. డబ్బా నిలువునా పగిలి ఉంది. లోపలంతా గట్టి మంచు.

"నెలల తరబడి బయట పారేసిన సరుకిది. ఎక్కడ పెట్టావన్నా?"

"పొయ్యి పక్కనే."

యాదం అతని ముఖం చూసి, పగిలిన డబ్బా మీద గోనెపట్టా కప్పాడు.

దుల్మాకు నలభై రెండేళ్లు. బల్జిర్ పక్కనే పూడ్చిపెట్టారు.