మెట్ల మలుపులో గంట

కొండమీది మఠానికి ఎక్కే మెట్లదారిలో, డాన్యూబ్ నది సరిగ్గా కాళ్ల కిందికి వచ్చే మలుపు ఒకటుంది. నదివైపు గోడ మోకాలెత్తు కూడా ఉండదు. చీకటిపడితే మా ఊరి మొనగాళ్లెవరూ అటు పోయేవాళ్లు కాదు. ఎప్పుడో మునిగిపోయిన సన్యాసి ఒకడు లాంతరు పట్టుకుని, చిన్న గంట మోగిస్తూ అక్కడ దిగుతాడట. అతనికి మోకరిల్లారో... ఇంట్లో మంచాన పడ్డవాళ్లు దీవెన దక్కకుండానే పోతారట.

మోకరిల్లక చస్తామా! చావుబతుకుల్లో ఉన్నవాళ్లకోసం ఫాదర్ కూడా అలాగే లాంతరు పట్టుకుని, గంట మోగిస్తూ సత్ప్రసాదం, అంటే దేవుడి రొట్టె, తీసుకెళ్తుంటే ఎదురైనవాళ్లు మోకాళ్లమీద కూర్చోవాలి. తలెత్తకూడదు, పలకరించకూడదు. ఆయనా నోరు విప్పడు. మరి వచ్చేది మనిషో దెయ్యమో ఎలా తెలుస్తుంది?

ఇది మా అమ్మమ్మ చెప్పిన సంగతి. ఆ నవంబరులో పడవ నడిపే లియోపోల్డ్ ఊపిరాడక కొట్టుకుంటున్నాడు.

"ఫాదర్‌ని పిలు రోసీ... చివరి దీవెన నూనె రాయకుండా నన్ను పోనీకు," అన్నాడు పెళ్లాంతో.

పరుగున బయల్దేరిన రోసాలియాని ఎదురింటి వాల్బుర్గా అవ్వ ఆపింది.

"మలుపులో గంట వినబడితే మోకరిల్లకే పిచ్చిమొద్దూ. కళ్లు మూసుకుని తోసుకుపో."

పొగమంచు. చాచిన చెయ్యి కనబడటం లేదు. మలుపు దగ్గరికొచ్చేసరికి — గణగణ.

చిన్న గంట. ఆ వెనకే పచ్చటి వెలుతురు...

అలవాటుకొద్దీ మోకాళ్లు వంగబోయాయి.

"నా మొగుణ్ణి నీకివ్వను," అని గొణిగి, కళ్లు మూసుకుని రెండు చేతులతో తోసేసి పరుగెత్తింది. దెయ్యం చేతికి తగలడమేమిటని ఆ క్షణాన తట్టలేదు. వెనకాల గంట మెట్లమీద దొర్లుకుంటూ పోయింది.

మఠం తలుపు తీసిన ముసలి బ్రదర్ ఆన్సెల్మ్ తెల్లబోయాడు.

"నువ్వెందుకొచ్చావమ్మా? మీ ఆయన్ని చూసెళ్లిన డాక్టరుగారు కబురంపారుగా. ఫాదర్ కొలోమాన్ ఇప్పుడే మీ ఇంటికి బయల్దేరారు. దారిలో... ఎదురుపడలేదూ?"

లియోపోల్డ్ గుమ్మంవైపు చూస్తూ చూస్తూనే తెల్లారకముందే పోయాడు. ఫాదర్ దిగువ రేవులో నీళ్లమీద దొరికారు. కాలు జారిందన్నారు. నేనే తోశానని రోసాలియా చెబితే, పాపం, మొగుడు పోయి మతి చెడిందన్నారు. ఆమెకు శిక్ష కూడా దక్కలేదు.

నాకు తెలిసేటప్పటికి ఆమె ముసలిది. మంచు పట్టిన ప్రతి సాయంత్రం ఆ మలుపులో తల వంచుకుని మోకాళ్లమీద ఉండేది.

"చలి అవ్వా, ఇంటికి పద," అనేవాణ్ణి.

"ఉండరా... ఈసారి వస్తారు."

అక్కడ దెయ్యం ఉంటే ఎంత బాగుండేది! ఆమె పోయేదాకా ఆ మలుపులో గంట ఒక్కసారి కూడా మోగలేదు.