చదివేసిన పేజీలు

ఆదివారం పొద్దున్నే ఆ దీవిలో, జంగ్లీఘాట్‌లోని ఆ ఇంటి వరండా రెండు రాజ్యాలుగా విడిపోయేది. ఒక మూల కాళమ్మ గోనెపట్టా పరిచి అమ్మకానికి ఎండుచేపలు, నెత్తళ్ళు, కవళ్ళు, కుప్పలు పోసుకునేది. ఇంకో మూల ఆమె మనవరాలు సీతారత్నం గోడకి చేరగిలబడి పుస్తకం పట్టేది. ఆ పిల్ల పుస్తకంలో తల దూర్చిందంటే చెవి దగ్గర డోలు వాయించినా పలకదు.

పదకొండో తరగతికి వెళ్ళబోతున్న సీతారత్నం ఈ సెలవుల్లో తనకి తనే ఒక పందెం వేసుకుంది. తన ఈడు పిల్లల ఇంగ్లీషు నవల ఒకటి, దాని తర్వాత మాంగా ఒకటి, అంటే జపాను వాళ్ళ బొమ్మల కథ. అలా మార్చి మార్చి చదువుతూ, బడి తెరిచేలోపు ఆ మాంగా కథని ఆఖరి భాగం దాకా ముగించాలి. ముందుకు తిప్పి ముగింపు చూడకూడదు. ఆ పిల్లకి ముందు ఆ ఇంట్లో ఎవరూ ఒక పుస్తకం మొదలుపెట్టి పూర్తి చేసింది లేదు. అందుకే ఆ పిల్లకి అంత పట్టుదల.

పుస్తకాలన్నీ భారతివి. భారతి బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీలో బడికొచ్చే టీచరుగారమ్మాయి. ఒకటి తిరిగిస్తేనే ఇంకోటి ఇస్తుంది. ఈ ఆదివారం మాంగా ఆఖరి భాగం రత్నం చేతిలో ఉంది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది, కాగితం గరుగ్గా, పాత పేపరులా ఉంది. రేపు బడి తెరుస్తారు, రేపే ఇచ్చెయ్యాలి.

"ఏటుందే అమ్మీ ఆ బొమ్మల్లో? ఎంతవరకు సదివినావు?" కాళమ్మ తక్కెడ తుడుచుకుంటూ అడిగింది.

"నీకు సమఝ్ కాదులే మామ్మా."

"ఆ కత్తి పిల్లోడు బతుకుతాడా మరి?"

"అబ్బా, నన్ను చదువుకోనీ."

కాళమ్మ కవళ్ళ కుప్ప సర్దుకుంది. కాసేపటికి వీధి కుళాయిలో నీళ్ళొచ్చాయని కేక వినబడింది. రత్నం ఫెర్రీ టిక్కెట్టు ఒకటి పేజీల మధ్య పెట్టి, పుస్తకం గోడవార ఉంచి, బిందె తీసుకుని పరుగెత్తింది.

కుళాయి దగ్గర వరస పెద్దది. బిందె నింపుకుని తిరిగొస్తుంటే సందు మొదట్లో పక్కింటి తాతమ్మ ఎదురైంది. ఆమె చేతిలో నెత్తళ్ళ పొట్లం. పొట్లం మీద కత్తి పట్టుకున్న కుర్రాడి సగం మొహం. రత్నం బిందె అక్కడే దింపేసి ఇంటికి పరుగెత్తింది.

గోడవార పుస్తకం లేదు. కాళమ్మ ఒళ్ళో నాలుగు పేజీలు మాత్రం మిగిలాయి. ఎదురుగా కొనేవాళ్ళు నిలబడి ఉన్నారు.

"ఏం చేశావు మామ్మా? అది భారతి పుస్తకం. రేపు ఇచ్చెయ్యాలి."

"పొట్లాలు కట్టడానికి రద్దీ కాగితాలు అయిపోనాయే. అందుకని..."

"పుస్తకానికీ రద్దీకీ తేడా తెలీదా? అనపఢ్. నీలాంటి అనపఢ్ ఉన్న ఇంట్లో పుట్టడం నా ఖర్మ."

వరండా ముందు బేరమాడుతున్నవాళ్ళు తల తిప్పి చూశారు. కాళమ్మ చేతిలో తక్కెడ ఒకవైపు వాలిపోయింది. పెళ్ళైన కొత్తలో శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి, ఈ దీవిలో ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. చదువురానిదన్న ఆ మాట ఆమెని అన్నవాళ్ళు అంతకుముందు లేకపోలేదు. ఇంట్లోవాళ్ళు అనడం ఇదే మొదలు.

చేపల మార్కెట్ నుంచి అప్పుడే వస్తున్న రత్నం తల్లి కామమ్మ ఆ మాట వినేసింది. తల మీది బేసిను దింపి కూతురి మీదికి చెయ్యెత్తింది.

"ఎవర్ననీసినావే ఆ మాట?"

కాళమ్మ మధ్యలోకొచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది. "కొట్టకే. దాని తప్పు లేదు. సదివేసినవే గదా అని సింపినాను. పేపరు సదివేసినాక రద్దీయే గదా. టికెట్టు కాడికి ఆపీసినాను. సదవనివి ముట్టుకోలేదు, ఉండు సూపిస్తాను."

ఆమె లోపలికి వెళ్ళి రేషన్ కార్డు దాచుకునే రేకు డబ్బా తెచ్చింది. అందులో తన పాత చీర ముక్కలో చుట్టిన మూట. విప్పితే పుస్తకంలో రెండో సగం, ఒక్క మడత లేకుండా. టిక్కెట్టు పైనే ఉంది.

"సెమ్మ తగులుతాదని సుట్టినాను," అంది.

రత్నం ఆ పేజీలు చూసింది. అవన్నీ చదివేసినవే. మాంగా మనం ఆఖరు అనుకునే వైపు నుంచి మొదలవుతుంది. నవలల్లో టిక్కెట్టు ఎటునుంచి ఎటు జరుగుతుందో మామ్మ రోజూ కనిపెట్టింది. దీన్నీ అలాగే అనుకుంది. చదవని సగం చింపి, చదివేసిన సగం భద్రం చేసింది.

సంగతి చెప్పేసరికి కాళమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "అటునుంచి మొదలా? ఓ మాట సెప్పుంటే సింపుదునా అమ్మీ?"

పొద్దున ఆమె అడిగింది అదే. ఎంతవరకు చదివావని అడిగింది. రత్నానికి సిగ్గుతో తల ఎత్తాలనిపించలేదు. అమ్మ కొట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఎవరెవరు కొన్నారో కాళమ్మకి తెలుసు. మనవరాలి రెక్క పట్టుకుని గడప గడపకీ తిరిగింది. ప్రతి ఇంటి ముందూ తనే ముందు మాట్లాడేది. "పొరపాటున పిల్లదాని పుస్తకం ఇచ్చీసినాను, ఏటనుకోకండి." తాతమ్మ ఇంటికొచ్చేసరికి రత్నం అడ్డుపడింది. ఇందాక తన అరుపులు విని ఆమె సందులోంచి వెనక్కి తిరిగి చూడటం రత్నానికి గుర్తుంది.

"పొరపాటు మామ్మది కాదు. నాది. అలా అనకూడదు నేను."

దాదాపు అన్ని కాగితాలూ దొరికాయి, నూనె మరకలతో, ఉప్పు రజనుతో, నీచు వాసనతో. ముగింపు పేజీలు మాత్రం దొరకలేదు. ఎవరో వాటితో పొయ్యి రాజేసుకున్నారు.

సాయంత్రం రత్నం భారతికి ఫోన్ చేసింది. మా మామ్మ చింపేసింది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "నా వల్లే పాడైంది," అంది. భారతి, "ఇంక నన్ను బుక్స్ అడగకు యార్," అని పెట్టేసింది. అలా పందెం పోయింది.

కాళమ్మ వరండాలో ఒక్కతే కూర్చుని మిగిలిన కవళ్ళు ఎత్తుతోంది. రత్నం డబ్బాలో దాచిన సగమూ, దొరికిన కాగితాలూ పట్టుకుని ఆమె పక్కన, గోనెపట్టా మీదే కూర్చుంది.

"మామ్మా, నేనన్న మాట..."

"వొగ్గేయ్. ఆ కత్తి పిల్లోడికి సివరికి ఏటయినాది, అది సెప్పు."

"తెలీదు మామ్మా. చివర దొరకలేదుగా. మొదటినుంచి చెప్తాను."

రత్నం ఆమె వేలు పట్టుకుని కుడివైపు పైన ఉన్న బొమ్మ మీద పెట్టింది. ఇక్కణ్ణుంచి, ఇటు. ఒక్కో బొమ్మకీ తెలుగులో కథ చెప్పుకుంటూ పోయింది. మాట తడబడిన చోట హిందీ కలిపింది. కాళమ్మ వేలు బుద్ధిగా కుడి నుంచి ఎడమకి జరుగుతోంది.

మొదటి కాగితం అయిపోయింది. కాళమ్మ దాని అంచు వేళ్ళతో పట్టుకుని, మనవరాలి మొహంలోకి చూసింది.

"ఇది సదివేసినాం గదా. సింపొచ్చా?"

రత్నానికి నవ్వొచ్చింది. నవ్వుతూనే మామ్మ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.