తాబేటి తాత అడిగిన కథ

చిలకేటి లోయలో మూడు ఊళ్ళు ఉండేవి. పైన కొండ మీద రాళ్ళు చెక్కే గుండ్లపాడు, నడుమ తమలపాకు తోటల తమలపల్లి, కింద పడవలు నడిపే రేవుపేట. మూడింటికీ ఏరు ఒకటే, రాజు ఒకడే, జబ్బు కూడా ఒకటే. "ఈ లోయలో మా ఊరే ముందు పుట్టింది" అని ఎవరికి వారు అనుకోవడమే ఆ జబ్బు.

ఏరు పుట్టే చోట, ఊట పక్కన, ఒక మాయ తాబేలు ఉండేది. అందరూ దాన్ని తాబేటి తాత అనేవాళ్ళు. దాని డిప్ప మూడు గుడిసెలంత ఉండేది. ఏటా కొత్తనీరు వచ్చే రోజున మూడు ఊళ్ళ నుంచి ముగ్గురు వెళ్ళి దానికి లోయ కథ చెప్పడం ఆచారం. ఆ ఏడు ముగ్గురూ ఒకేసారి "మా ఊరే ముందు" అని మొదలుపెట్టి, ఒకరి తలపాగా ఒకరు లాక్కునేదాకా వెళ్ళారు. తాబేటి తాతకు విసుగెత్తిపోయింది. "నూరేళ్ళుగా ఈ కథ మొదలు తప్ప ఇంకేమీ విన్న పాపాన పోలేదు. నిజమైన కథ ఎవరైనా చెప్పేదాకా లేవను!" అని వెళ్ళి ఊట మీద కూర్చుంది. ఏరు ఎండిపోయింది. రాజుగారు ఏనుగులతో లాగించారు. మోకులు తెగాయి గాని తాత అంగుళం కూడా కదలలేదు.

ఆ ముగ్గురిలో అందరికంటే గట్టిగా అరిచినవాడు రేవుపేట నూకరాజు. అతను పడవలో ఇంటికి వస్తూ, రేవుపేట చేరబోతుండగానే కింద నీళ్ళు మాయమయ్యాయి. పడవ రాయైపోయింది. ఆ రాయి అతని పాదాలను పట్టుకుని పైకి పాకసాగింది. మూడోనాటి పొద్దు గూకేలోగా ఏరు పారకపోతే అది తల దాకా వస్తుందని రాజుగారి జోస్యులు తేల్చి చెప్పారు.

నూకరాజుకు ఉన్నది ఒక్క కూతురు. పేరు పైడి, పన్నెండేళ్ళది.

"నాన్నా, నేను పోయి తాతకు కథ చెప్పి వస్తా" అంది పైడి.

"పో తల్లీ. మనూరే ముందని గట్టిగా చెప్పు. మన తొలిపడవ మాట మరిచిపోకు" అన్నాడు నూకరాజు. మోకాళ్ళ దాకా రాయైనా అతని పౌరుషం మాత్రం తగ్గలేదు.

పైడి పరుగులాంటి నడకతో మధ్యాహ్నానికి తమలపల్లి చేరింది. పొలిమేరలో వెదురు తలుపు మూసి ఉంది. తలుపు దగ్గర గవరమ్మ అనే ముసలి తోటమనిషి కూర్చుని ఆకులు కట్టలు కడుతోంది.

"మామ్మా, తలుపు తియ్యి. నేను తొందరగా కొండెక్కాలి."

"ఊరు చూడకుండా దాటితే మాకు అరిష్టం తల్లీ. ముందు తోట చూడు, తరవాత బావి చూడు. అప్పుడు మా ఊరి కథ విను."

"మా నాన్న రాయైపోతున్నాడు మామ్మా!"

"అయ్యో పాపం! అయితే బేగి చూద్దువుగాని, రా."

పైడికి ఒళ్ళు మండిపోయింది. కానీ తలుపు తియ్యందే దారి లేదు. గవరమ్మ ఆమెను నీడ పందిళ్ళ కింద సాలు సాలుకూ తిప్పింది. "ఈ తీగ గింజ పడి మొలిచేది కాదు. తీగ ముక్క తెచ్చి ఒక మనిషి చేత్తో నాటాల్సిందే" అని పదిసార్లు చెప్పింది. తరవాత ఏడంచెల దిగుడుబావి చూపించింది. ప్రతి అంచెకూ ఒక పేరు, ప్రతి పేరుకూ ఒక కథ. పైడి పళ్ళు నూరుకుంటూ విన్నది. బావి గిలక మోకుకు ఒక ముడి ఉంది. ఆ ముడి తన తండ్రి తనకు నేర్పినదే. రేవుపేట పడవవాళ్ళకు తప్ప ఇంకెవరికీ అది రాదు.

"ఈ ముడి ఎవరు వేశారు మామ్మా?"

"అదా? ఎప్పటిదో పాతది. ఇటు చూడు, ఇది అయిదో అంచె..."

తలుపు తీసేసరికి మర్నాటి పొద్దు పొడిచింది. పైడికి ఏడుపొక్కటే తక్కువ.

రెండో రోజు గుండ్లపాడు రాతి వాకిలి దగ్గర ఊరి పెద్ద గురవయ్య ఉలి పట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"అరిష్టం, అంతేనా తాతా? ఏం చూడాలో చూపించు, పద!" అంది పైడి అతను నోరు తెరవక ముందే.

గురవయ్య మురిసిపోయాడు. నూటపదహారు మెట్లు ఎక్కించాడు, మళ్ళీ దింపాడు. ఒకే బండలో చెక్కిన రాతి గొడుగు చూపించాడు. తమవాళ్ళు చెక్కిన ప్రతి రాతి అడుగునా ఉండే నెలవంక గుర్తును వంగి చూడమన్నాడు. ఆ గుర్తు చూసి పైడి ఉలిక్కిపడింది. రేవుపేటలో పసుపు రాసి పూజించే తొలిపడవకు ఒక లంగరు రాయి ఉంది. దాని మీదా ఇదే నెలవంక! సాక్షాత్తూ చంద్రుడే దాన్ని చెక్కాడని ఆమెకు చిన్నప్పటి నుంచీ చెప్పారు.

చివరికి గురవయ్య నీరు లేని జలపాతం దగ్గరికి తీసుకువెళ్ళాడు. "నీళ్ళుంటేనా, పాపా, ఇక్కడ రోజుకు రెండు ఇంద్రధనుస్సులు" అని నిట్టూర్చాడు. ఆ బండల పక్కన చెట్టుకు చుట్టుకుని లావుపాటి తమలపాకు తీగ ఒకటి ఉంది.

"ఇదెవరు నాటారు తాతా?"

"ఎవరూ నాటలేదు. దానంతట అదే మొలిచింది."

పైడి తల పట్టుకుంది.

మూడోనాటి మిట్టమధ్యాహ్నానికి ఆమె ఊట దగ్గర ఉంది. తాబేటి తాత ఒక కన్ను తెరిచింది. మూడు రోజుల విసుగులో, తండ్రి మీది బెంగలో పైడి తండ్రి నేర్పిన మాటే అనేసింది.

"తాతా, ఈ లోయలో మా రేవుపేటే ముందు..."

"నువ్వూనా!" అని తాత తల డిప్పలోకి లాక్కుంది. పొద్దు పడమటికి వాలింది.

పైడికి ఇక కోపం ఆగలేదు. డిప్పను కాలితో ఒక్క తన్ను తన్నింది. "నేనేం చెయ్యను మరి? వాళ్ళు తోట అంటారు, వీళ్ళు మెట్లు అంటారు, మా వాళ్ళు పడవ అంటారు! చూపించిందే చూపిస్తారు, అడిగింది మాత్రం చెప్పరు! మా పడవ లంగరు చంద్రుడు చెక్కలేదు, గుండ్లపాడు వాళ్ళు చెక్కారు. తమలపల్లి బావికి ముడి వేసింది మా పడవవాళ్ళు. గుండ్లపాడు జలపాతం దగ్గర తీగ నాటింది తమలపల్లి మనిషి. రాయి కిందికొచ్చింది, ముడి తోటకెళ్ళింది, తీగ కొండెక్కింది. అంతా కలిసి బతికి, ఇప్పుడు ఒకరి మొహం ఒకరు ఎరగనట్టు నటిస్తున్నారు! ఎవరు ముందొచ్చారో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు! మా నాన్న ఒక్కడే నాకున్నాడు, నాకు మా నాన్న కావాలి!"

ఆమె కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. తాత తల మెల్లగా బయటికి వచ్చింది.

"తెలీదు అన్నావా?"

"అన్నాను."

"నూరేళ్ళలో ఆ మాట అన్నది నువ్వొక్కదానివే. మొత్తం కథ చెప్పిందీ నువ్వే. ఎక్కు నా వీపు మీదికి. పొద్దు గూకుతోంది."

తాత లేవగానే ఊట బుస్సుమని పైకి లేచింది. జలపాతం దూకుతుంటే గురవయ్య చేతిలోని ఉలి జారిపోయింది. తమలపల్లిలో గవరమ్మ ఒడ్డున నిలబడి "బావిలోకీ నీళ్ళొచ్చాయి, చూసి పో తల్లీ!" అని కేకేసింది. ఈసారి పైడికి కోపం రాలేదు, నవ్వొచ్చింది.

రేవుపేటలో రాయి నూకరాజు గడ్డం దాకా పాకింది. పొద్దు ఏటి అంచును తాకబోతుండగా నీళ్ళు వచ్చి పడవను తాకాయి. రాయి పొట్టు పొట్టుగా రాలిపోయింది. పైడి తాత వీపు మీంచి పడవలోకి దూకి తండ్రి మెడ కావలించుకుంది.

రాజుగారు ఏనుగెక్కి వచ్చి ఏం కావాలో కోరుకోమన్నారు. "ఇక మీదట ఏ ఊరి కథ ఆ ఊరివాళ్ళు చెప్పకూడదు. పక్క ఊరి కథే చెప్పాలి" అంది పైడి. రాజుగారు అక్కడికక్కడే చాటింపు వేయించి, ఆ ఆచారం నిలబెట్టే అధికారం పైడికే అప్పగించారు. ఆ లోయకు ఎవరు వెళ్ళినా ఊరు చూడనిదే దాటనివ్వకపోవడం మాత్రం ఆగలేదు.

జనం అంతా వెళ్ళాక నూకరాజు కూతురి చెవిలో గుసగుసగా అడిగాడు.

"ఇంతకీ మనూరే ముందని చెప్పావా?"

పైడి నడుం మీద చేతులు పెట్టుకుని అతన్ని చూసింది. నూకరాజు తన పాదాలకు ఇంకా అంటుకుని ఉన్న రాతిపొడిని చూసుకున్నాడు. తరవాత పడవలోనే చతికిలబడ్డాడు.

"సరేలే తల్లీ" అన్నాడు. "ఆ లంగరు రాయి ఎవరు చెక్కారో చెప్పు. వింటాను."