గిలాబ నిలువని గోడ

కేతేపల్లి అవతల బండ్లబాట పక్కపొంటి ఒక పాత పెంకుటిల్లు ఉండేదంట. పొద్దుగూకినంక దాని ముందటి నుంచి పోవాల్నంటే మొగోళ్లకు గూడ గుండె జారేది. ఖాళీ ఇంట్లకెల్లి మనిషి గొంతు వినొస్తదని చెప్పుకునేటోళ్లు. ఎవరు విన్నరయ్యా అంటే మాత్రం... అందరు నేల సూపులే.

ఆ ఇంటి ఆసామి రామచంద్రం. నల్లగొండల ఉంటడు. పందొమ్మిదొందల అరవై రెండుల, ఇంటిని కిరాయికిద్దామని బయటి గోడలకు కొత్తగ గిలాబ, అంటే సున్నం పూత, చేయించబోయిండు. ఆ సుట్టుపక్కల గోడపని చేసే సుతారోళ్లు ఒక్కడు ఒప్పుకోలె. ఆఖరికి నల్లగొండల గోడపనులు గుత్తకు పట్టే మక్సూద్ మేస్త్రిని పిలిపిచ్చిండు.

"బయటి గోడలే మేస్త్రీ. లోపటికి పోయే పనే లేదు," అన్నడు రామచంద్రం, జర గొంతు తగ్గిచ్చి.

"ఫికర్ చెయ్యకు పటేలా. ఒక్క వానకు పెచ్చు రాలినా, మళ్ల నా చేతులతోనే చేస్త."

ఆ మాటే ఆయన మెడకు సుట్టుకున్నది.

మూడు దిక్కుల గోడలు మంచిగ కుదిరినయ్. పడమటి గోడే మాట వినలె. పొద్దున కొట్టిన సున్నం మాపటికల్లా ఉబ్బి, పెళ్లలు పెళ్లలుగ ఊడిపడేది. నాలుగోనాడు మక్సూద్ గోడకు చెయ్యి ఆనిచ్చి చూసిండు. కింది వరుసల చెమ్మ. అది బయటిది కాదు... లోపలినుంచి వస్తాంది.

కూలోళ్లు పొద్దు వాలకముందే పని ఇడిసి ఊర్లకు పోయిండ్రు. ఆయనకు గూడ పోవాలనే ఉన్నది. కాని మాట ఇచ్చిండు గదా! చెమ్మ ఎక్కడిదో చూసి ఎంటనే వద్దామని తలుపు నూకి లోపటికి పోయిండు.

పడమటి గోడ కాడికి పోయిండో లేదో — కాలికింద చెక్క ఫట్టుమన్నది.

పడ్డది జొన్నల పాతరల. రెండు నిలువుల లోతు. కింద కుండ కడుపు లెక్క వెడల్పు, మీద ఒక మనిషి దూరేటంత మూతి. ఏండ్ల సంది దాంట్లకు దిగిన వాననీళ్లనే గోడ పీలుస్తాంది. చెమ్మ ఎక్కడిదో దొరికింది... మరి ఎక్కుడెట్ల?

గోడలు మీదికి పోను పోను దగ్గరికొస్తున్నయ్. పట్టుకున్న మట్టి పట్టుకున్నట్టే రాలి కండ్లల్ల పడ్డది. గోర్లు చీలినయ్. మీద కనవడే ఎలుగు ముక్క మెల్లమెల్లగ బూడిద రంగయింది... ఆనక అదీ లేదు.

శానసేపటికి ఎడ్ల గంటలు వినపడ్డయ్.

"ఎవరన్న ఉన్నరా! నన్ను తియ్యుండ్రి!"

బండి ఆగింది.

"అన్నా... విన్నవా?" బయట ఎవరో గుసగుసగ.

"మాట్లాడకు. తోలు."

"నేను సుతారిని! మక్సూద్‌ను! దయ్యాన్ని కాదు!" అని గొంతు చించుకున్నడు. పాతర కడుపుల తిరిగి తిరిగి ఆ మాట బయటికి ఎట్ల పోయిందో ఏమో — ఎడ్లు గంటలు తెగేటట్టు ఉరికినయ్.

మక్సూద్‌కు అప్పుడు సమజయింది. పిలిస్తే ఇంకింత దూరం ఉరుకుతరు. పిలవకపోతే ఎవరికీ తెల్వదు.

ఎనుకకు జరిగి కూసుంటుంటే చేతికి ఏదో తగిలింది. సన్నగ, పొడుగ్గ, సల్లగ. కట్టె అనుకున్నడు. తడుముకుంటు పోతే దాని కొసకు ఒక రాగి కడెం. కడెం లోపట... మనిషి మణికట్టు ఎముక.

చెయ్యి గుంజుకొని, గోడకు అతుక్కపోయి, "యా అల్లా" అన్నడు.

ఎంతసేపయిందో. పాతర మూతిల ఎలుగు ఊగింది.

"ఎవరు?"

ముసలి గొంతు. పక్కచేన్ల గుడిసెల ఒక్కతే ఉండే గుర్వమ్మ. చేతుల కందిలి, బుజాన మోటబాయి మోకు.

"మక్సూద్‌నవ్వా... గోడపని చేసేటోన్ని."

"మనిషివేనా?"

"మనిషినే అవ్వా!"

ఆమె మోకు కొసను స్తంభానికి కట్టి ఇంకో కొస కిందికి ఇడిసింది. మక్సూద్ పాకుకుంటు ఎక్కొచ్చి గడప కాడ కుప్పకూలిండు. ముసలామె పక్కన కూసున్నది.

"రజాకార్ల గడబిడ నడిసిన ఏడు... ఈ ఇంట్లకెల్లి ఎవరో గిట్లనే పిలిసిండ్రు, బిడ్డా. మూడు రాత్రులు. నేను తలుపేసుకొని చెవులు మూసుకున్న. నాలుగో రాత్రి పిలవలె. దయ్యం పోయిందనుకున్న." ఆమె పాతర దిక్కు చూసింది. "ఇయ్యాల మళ్ల వినపడ్డది. పండలేకపోయిన."

మక్సూద్ చేతుల మట్టి దులుపుకున్నడు.

"నీతోని లోపట... ఇంకెవరన్న ఉన్నరా?"

ఆయన అరచేతిల ఆ కడెం సల్లదనం ఇంకా పోలె. ముసలామె మొఖం దిక్కు చూసిండు.

"లేరవ్వా. నేనొక్కన్నే."

"నా మనసు కోసం మంచిమాట చెప్పినవ్, బిడ్డా," అన్నది గుర్వమ్మ. అని, కందిలి పిడికి మోకు కొస కట్టి, మెల్లగ... పాతరలకు దించింది.