పన్నెండు గంటల క్యాట్రిడ్జ్

పదీ నలభైకి బాస్ బల్ల మీదికి ఒక నల్లటి ప్లాస్టిక్ బిళ్ళను విసిరేశాడు. అది జారుకుంటూ వచ్చి మిడత మోచేతి దగ్గర ఆగింది.

"ఏమిటిది?"

"పాత వీడియో గేమ్ క్యాట్రిడ్జ్. అప్పట్లో పిల్లలు చేత్తో పట్టుకుని ఆడేవాళ్ళే, ఆ మిషన్లలో పెట్టేది. పన్నెండింటికి ఇది ఒక మనిషి ప్రాణం తీయబోతోంది."

మిడత అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఎక్కడ చిక్కినా ఎగిరి బయటపడతాడని. బాస్‌కు అతనంటే గిట్టదు, అతనికి బాస్‌ను చూస్తే ఒళ్ళుమంట. పన్నెండేళ్ళుగా ఒకరినొకరు భరిస్తున్నారు.

"విదేశీ ముఠా హంతకులు ఊళ్ళో నలుగురున్నారు. ఫోన్లు వాడరు, ఒకరి మొహం ఒకరికి తెలీదు. పాత గేమ్‌లు దాచే ఆన్‌లైన్ ఆర్కైవ్ ఒకటుంది. ఆర్డర్లు దాంట్లోంచి తీసుకుంటారు. ఈ గేమ్ చివరి లెవల్లో రోడ్డు మ్యాపూ, కారు నంబరూ దాచారు. పన్నెండింటికి సైట్‌లో కనబడితే పని పూర్తి చేస్తారు. కనబడకపోతే చెల్లాచెదురు."

"టార్గెట్?"

"ముఠా నాయకుడి మీద ఒంటిగంటకి కోర్టులో వాదించబోయే ప్రాసిక్యూటర్." బాస్ కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. "మీ అక్క."

మిడత లేచి నిలబడ్డాడు. "దారి మార్చండి!"

"మూడుసార్లు మార్చాం. మూడుసార్లూ లీకైంది. వాదించడం మానుకోమంటే ఆవిడ నన్నే గెంటేసింది."

ఆర్కైవ్ పద్ధతిని బాస్ రెండు ముక్కల్లో చెప్పాడు. క్యాట్రిడ్జ్‌లోని గేమ్‌ను మిషన్ చదివి ఫైల్‌గా మారుస్తుంది. దాన్ని డంప్ అంటారు. ఇద్దరు సభ్యులు విడివిడిగా చేసిన డంప్‌లు పొల్లుపోకుండా సరిపోలితేనే గేమ్ సైట్‌లోకి ఎక్కుతుంది. ముఠా పంపిన రెండో సభ్యుణ్ణి నిన్న ఈ క్యాట్రిడ్జ్‌తో సహా పట్టుకున్నారు. అతని బదులు మిడత వెళ్ళాలి.

"అసలు ఎవరూ వెళ్ళకపోతే?"

"మూడోవాణ్ణి పంపుతారు. వాడెవడో మనకు తెలీదు. ఇదిగో పెన్. నొక్కితే అక్కడి ఫైళ్ళన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మొదటి సభ్యురాలు నెమలి. ముఠాలో మన మనిషి. సాయం చేస్తుంది."

పదకొండున్నరకు మిడత సోడాబుడ్డి కళ్ళద్దాలు, అతికించిన మీసంతో ఆర్కైవ్ మెట్లెక్కాడు. పొడవాటి గది. నాలుగు గోడలకీ సొరుగులు, ప్రతి సొరుగుకీ చేతిరాతతో చీటీ. గదంతా స్పిరిట్ వాసన. మధ్య బల్ల దగ్గర ముసలి ఆర్కైవిస్టు దూదిపుల్లతో ఒక క్యాట్రిడ్జ్ అంచున ఉన్న రాగి పళ్ళు తుడుస్తున్నాడు.

"చెప్పులు బయట," అన్నాడు తలెత్తకుండా. "దేన్నీ ముట్టుకోకు."

ఆ పక్కన ఆకుపచ్చ చీరలో నెమలి కూర్చుని ఉంది. గదిలో ఉన్న వెలుగంతా తన కోసమే అన్నట్టుంది వాలకం.

"బ్యాటరీ మార్చారా?" అంది.

"లేదు. ఒరిజినలే."

కోడ్ సరిపోయింది. ఆమె నవ్వుతూ పక్కకు జరిగి చోటిచ్చింది. అతను కూర్చోగానే పక్కటెముకల్లో ఏదో గట్టిగా గుచ్చుకుంది. హ్యాండ్‌బ్యాగ్, దాని లోపల పిస్టల్.

"ఆ పెన్ ఇలా ఇవ్వండి," అంది గొంతు తగ్గించి. "మీ బాస్ నాకు అన్నీ చెబుతారు, పాపం. మీ అక్కగారి దారులు కూడా."

మూడుసార్లూ లీకు ఎక్కడ జరిగిందో మిడతకు అర్థమైంది. కోపంతో చెవులు కాలిపోయాయి. పెన్ ఇచ్చేశాడు.

"నేను ఒప్పుకోకపోతే?"

"ముందు ముసలాయన, తరవాత మీరు. మూడో సభ్యుడు కింద కార్లోనే ఉన్నాడు. వాడొచ్చి డంప్ చేస్తాడు. మీరు చేస్తే ఇద్దరైనా బతుకుతారు."

పదకొండూ యాభై రెండు. గోడ మీద ఎర్ర అక్షరాల నోటీసు: 'డంప్‌లు సరిపోలకపోతే ఆ గేమ్‌కు వారం రోజులు తాళం. బతిమాలవద్దు.' మిడత దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఈవిడ డంప్ అయింది, ఇక నీ వంతు," అని గదమాయించాడు ఆర్కైవిస్టు. "నేను శుభ్రం చేసి ఇస్తా, ఇటు తే."

"నేను చేసుకుంటాను," అని మిడత క్యాట్రిడ్జ్‌ను నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. చిన్నప్పుడు గేమ్ ఆగిపోతే పిల్లలందరూ ఊదినట్టే. కాకపోతే పిల్లలు గాలి ఊదేవాళ్ళు, ఇతను నోట్లో ఉన్న తడినంతా పళ్ళ మీద చిమ్మాడు.

నెమలికి అనుమానమే రాలేదు. పాత గేమ్‌ల పేర్లన్నీ ఆమె కంఠస్థం చేసింది గానీ, ఒక్కటీ ఆడిన పాపాన పోలేదు. శుభ్రం చేస్తున్నాడనే అనుకుంది.

ఆర్కైవిస్టు మాత్రం కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. "ఓరి దౌర్భాగ్యుడా! ఊదుతావా? ఉమ్మి తగిలితే మిషన్ తప్పు చదివి చస్తుందిరా!"

అప్పటికే మిడత క్యాట్రిడ్జ్‌ను మిషన్‌లోకి నొక్కేశాడు. నెమలి మొహంలో రంగు మారింది. తెర మీద అంకెలు పరుగెత్తి ఆగాయి. ఎర్ర గీత వచ్చింది: సరిపోలలేదు. తాళం పడింది.

"మళ్ళీ చెయ్యండి," అంది నెమలి.

"వచ్చే వారం," అన్నాడు ఆర్కైవిస్టు. "ఇద్దరూ బయటికి నడవండి."

బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికి వచ్చింది. "తాళం తియ్యి, ముసలాడా!"

పిస్టల్ ఆయన వైపు తిరిగిన ఆ క్షణమే మిడతకు చాలింది. బల్ల మీది సీసా తీసి స్పిరిట్‌ను ఆమె కళ్ళల్లో కొట్టాడు. గుండు పైకప్పులోకి పోయింది. మణికట్టు మెలిపెట్టి పిస్టల్ లాక్కునేసరికి గడియారం పన్నెండు చూపిస్తోంది. తెర మీద తాళం అలాగే ఉంది.

"దరిద్రుడా," అన్నాడు ఆర్కైవిస్టు, తుపాకీ ఊసే ఎత్తకుండా, క్యాట్రిడ్జ్ పళ్ళు తుడుస్తూ. "మళ్ళీ ఈ గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతా."

కార్లో ఉన్నవాణ్ణి కిందే పట్టుకున్నారు. మూడింటికి అక్క ఫోన్ చేసింది. ముఠా నాయకుడికి బెయిల్ రాకుండా అడ్డుకున్నానని పావుగంట చెప్పి, ఆఖర్న అడిగింది.

"పొద్దుట్నుంచీ ఫోనెత్తవేం? ఏం వెలగబెడుతున్నావ్?"

నిజం చెప్పడానికి అనుమతి లేదు. అబద్ధం చెబితే అక్క ఇట్టే పట్టేస్తుంది. "వీడియో గేమ్ పట్టుకు కూర్చున్నానక్కా."

"నలభై ఏళ్ళొచ్చాయి, సిగ్గులేదట్రా? నేనిక్కడ ప్రాణాలకి తెగించి వాదిస్తుంటే! కనీసం గెలిచావా?"

"ఎక్కడ గెలిచేది," అన్నాడు మిడత. "అసలు లోడే కాలేదు."